నాసిరకం ముత్యాలను నిప్పుల్లో పోసిన వ్యాపారి

క్వాలిటీ కంట్రోల్ అంటే టిక్కులు పెట్టే ఉద్యోగమే కదా అనుకుంటున్నారా? అయితే కోకిచి మికిమోటో గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

1858లో జపాన్‌లోని తోబాలో, నూడుల్స్ అమ్ముకునే ఇంట్లో పుట్టారాయన. పెద్ద చదువుల్లేవు. ఆల్చిప్పలను పెంచి, వాటితో ముత్యాలు చేయించాలన్నది పట్టుదల. 1892లో సముద్రంలో రెడ్ టైడ్ వచ్చి పెంచిన చిప్పలు చాలావరకు చచ్చిపోయాయి. అయినా వదల్లేదు. 1893 జులైలో మొదటి ముత్యం చేతికొచ్చింది, అదీ సగం గుండ్రమే. పూర్తి గుండ్రటి ముత్యాలకు ఇంకా ఏళ్లు పట్టింది.

1920ల్లో అవి యూరప్ చేరితే, అక్కడి వర్తకులు నకిలీవంటూ గొడవకు దిగారు. నిపుణులు పరీక్షించి నిజమైన ముత్యాలేనని తేల్చారు. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో చిక్కు. నాసిరకం ముత్యాలు మార్కెట్లోకి వచ్చేశాయి. పైపొర పల్చగా ఉంటే మెరుపు నిలవదు. నగల తయారీదారు ముత్యాలు కొనేది ఒకటీ అరా కాదు, లాట్ల లెక్కన. సైజు, రంగు, మెరుపు అన్నీ కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా హారం మొత్తం పాడే.

అందుకే 1932లో ఎగుమతుల రేవు కోబెలో, అందరూ చూస్తుండగా, నాసిరకం ముత్యాలను కుప్పలుగా మంటల్లో పోయించారు. నష్టమే. కానీ తన సరుకు మీద కొనేవాళ్ల నమ్మకం అంతకంటే విలువైందని ఆయన లెక్క. 1954లో కన్నుమూశారు. ఆయన పేరుతో ఉన్న నగల కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

రేపు మీరు క్యూసీ టేబుల్ దగ్గర కూర్చుంటే, డెడ్‌లైన్ ఉంది పంపించెయ్ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. రిజెక్ట్ అని రాసే ధైర్యం మీకుందా? జీతం ఇచ్చేది దానికే.