సతీష్ ధావన్: కంప్యూటర్ ఆగమంది.. రాకెట్ ఎగిరింది.. నింద ఆయన మోశారు

చిలకలూరిపేటలో చెన్నై హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు దాటి వెళ్తే సూళ్లూరుపేట వస్తుంది. అక్కడి నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు శ్రీహరికోటకు చేరుస్తుంది. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ టీవీలో వినిపించే సతీష్ ధావన్ స్పేస్ సెంటర్ ఇదే. పేరు అందరికీ తెలుసు. ఆ మనిషి ఏం చేశారో తెలిసినవాళ్లు తక్కువ. పిల్లలతో రాకెట్లు చేయించే ప్రతి స్కూలూ తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

శ్రీనగర్ నుంచి కాల్‌టెక్ దాకా..

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదువంతా లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలోనే సాగింది. లెక్కలు, ఫిజిక్స్‌తో డిగ్రీ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్.. మూడూ పూర్తిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి మిన్నెసోటాలో మాస్టర్స్, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో 1951లో పీహెచ్‌డీ చేశారు.

ధావన్ వెళ్లడానికి పదేళ్ల ముందే ఆ కాల్‌టెక్‌లో కొందరు కుర్రాళ్లు రాకెట్ల పిచ్చితో ప్రయోగాలు మొదలుపెట్టారు. అది 1936. ఓసారి రసాయనం లీకై ల్యాబ్‌లో పరికరాలు తుప్పు పట్టిపోయాయి. క్యాంపస్‌లో వాళ్లకు సూసైడ్ స్క్వాడ్ అని పేరే పడిపోయింది. వాళ్ల ప్రొఫెసర్ వాన్ కార్మన్ మాత్రం ప్రయోగాలు మానేయమనలేదు. భవనం లోపల వద్దని బయటికి పంపారు. ఊరి చివర ఎండిపోయిన వాగులో వాళ్ల పని సాగింది. ఆ కుర్రాళ్ల బృందమే తర్వాత జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీగా ఎదిగింది. ఇవాళ అంగారకుడి మీదకు రోవర్లను పంపుతున్న సంస్థ అదే.

మాస్టారే ఇస్రో ఛైర్మన్

1951లో ధావన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. దేశంలో మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ను అక్కడ నిర్మించారు. 1962లో ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు.

1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. అప్పుడు ధావన్ కాల్‌టెక్‌లో ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమం బాధ్యత తీసుకోవాలని ఇందిరాగాంధీ నుంచి కబురు వచ్చింది. ఆయన రెండు షరతులు పెట్టారు. ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి, తాను ఐఐఎస్సీని వదలను. రెండింటికీ ఢిల్లీ సరేనంది. 1972 నుంచి 1984 దాకా ఆయనే ఇస్రోను నడిపారు.

317 సెకన్లు

1979 ఆగస్టు 10. శ్రీహరికోటలో 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువున్న ఎస్‌ఎల్‌వీ-3 రెడీగా ఉంది. సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపడానికి దేశం చేస్తున్న మొదటి ప్రయత్నం ఇది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం.

కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ హోల్డ్ పెట్టేసింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో లీకేజీ ఉందని చూపించింది. అక్కడున్న నిపుణులు లెక్కలు చూసి, ఉన్న ద్రవం సరిపోతుందన్నారు. కలాం కంప్యూటర్ మాట పక్కన పెట్టి ముందుకే వెళ్లారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్లలో అంతా అయిపోయింది, రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశ నియంత్రణకు కావాల్సిన నైట్రిక్ యాసిడ్ ముందే లీకైపోయిందని విచారణలో తేలింది.

అయినా ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇందులో అదృష్టం కంటే ముందుచూపు పాత్రే ఎక్కువ. శ్రీహరికోటను 1969లో ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో తూర్పున ఉన్న సముద్రం ఒకటి. తేడా వస్తే ఊళ్ల మీద పడకూడదన్న లెక్క పదేళ్ల ముందే వేశారు.

ఆ రోజు ప్రెస్ ముందు ధావనే కూర్చున్నారు. సంస్థకు పెద్దగా ఆ వైఫల్యం తనదేనని ఒప్పుకున్నారు. టీమ్ మీద నమ్మకం ఉందని, ఏడాదిలో సాధిస్తామని చెప్పారు. సమీక్షలో కలాం తన నిర్ణయం తప్పేనని లేచి ఒప్పుకుంటే, ధావన్ ఆయన్ను తప్పించలేదు. అదే పని మళ్లీ అప్పగించారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి ధావన్ పక్కకు తప్పుకుని, ప్రెస్ ముందుకు కలాంను పంపారు.

ఈ కథలో అందరూ మెచ్చుకునేది ధావన్ పెద్దమనసును. అయితే అందులో భద్రతకు సంబంధించిన పాఠం కూడా ఉంది. తప్పు చెప్పినవాడికి శిక్ష పడదని తెలిస్తేనే, ఎక్కడ లీకైందో నిజం బయటికొస్తుంది.

ధావన్ 1981లో పద్మవిభూషణ్ అందుకున్నారు. రిటైరయ్యాక పక్షులు ఎగిరే తీరు మీద పుస్తకం రాశారు. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ను 56 నిమిషాల ముందు ఆపేసింది ఆ కేంద్రంలోనే. లోపం సరిచేసి వారం తర్వాత, 22న పంపారు. ఈసారి హోల్డ్ మాటను ఎవరూ పక్కన పెట్టలేదు.

పేట పిల్లలకు దీంతో పనేంటి?

ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబర్ 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు.. స్కూళ్లలో రాకెట్ల సందడి ఎక్కువగా అప్పుడే. ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక శిక్షణలో తొమ్మిదో తరగతి పిల్లలు నిపుణుల కళ్లముందే మోడల్ రాకెట్లు ఎగరేస్తారు. స్కూల్ గ్రౌండ్‌లో ఆ నిపుణులు ఉండరు. అక్కడ పెద్ద దిక్కు సైన్స్ మాస్టారే.

పేట చుట్టూ పత్తి జిన్నింగ్ మిల్లులున్నాయి. సీజన్‌లో కళ్లాల నిండా ఎండు మిర్చి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ ఏం చేస్తుందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో పిల్లలు ఇళ్లలోనే రాకెట్ మందు కలిపి గాయాలపాలయ్యారు. దాంతో అక్కడ మోడల్ రాకెట్లకు భద్రతా నియమాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవీ:

* మందు ఇంట్లో, ల్యాబ్‌లో కలపొద్దు. ఫ్యాక్టరీలో తయారైన మోటారే వాడాలి. మన దేశంలో పేలుడు పదార్థాల తయారీకి 1884 నాటి చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి.
* అగ్గిపుల్లతో వెలిగించొద్దు. వైరు, బ్యాటరీ, స్విచ్‌తో దూరం నుంచే. చిన్న మోటార్లకు కనీసం 15 అడుగులు, పెద్దవాటికి 30 అడుగుల దూరం ఉండాలి.
* స్విచ్ నొక్కినా వెలగకపోతే స్విచ్ తాళం తీసేసి, 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్లాలి.
* గాలి ఎక్కువగా ఉన్నా, చుట్టూ ఎండు గడ్డి ఉన్నా ఆ రోజుకు వాయిదా వేయాలి.

చిన్న తరగతుల పిల్లలకైతే నీళ్ల బాటిల్ రాకెట్ చాలు, నిప్పుతో పనే లేదు. కానీ గాలి ఒత్తిడితో దూసుకెళ్తుంది కాబట్టి కళ్లద్దాలు, దూరం దానికీ కావాల్సిందే.

వీటికి తోడు ధావన్ చూపిన రెండు పద్ధతులు కూడా స్కూళ్లు పెట్టుకోవచ్చు. ప్రయోగానికి ముందే హోల్డ్ చెప్పే పెద్ద ఒకరు ఎవరో తేల్చుకోవాలి, ఆ మాటకు ఎదురు ఉండకూడదు. ఏదైనా తేడా జరిగితే హెడ్‌మాస్టర్ ముందు నిలబడాల్సింది స్విచ్ నొక్కిన పిల్లాడు కాదు, ఆ పెద్దే.