తాళ్ల నిచ్చెనలతో ఓరుగల్లు కోట ఎక్కించాడు.. చివరికి కల్లు దుకాణంలో దొరికిపోయాడు! సర్వాయి పాపన్న కథ ఇదీ

చలికాలం వచ్చిందంటే భువనగిరి గుట్ట దగ్గర తాళ్లు, హెల్మెట్లతో కుర్రాళ్ల సందడే సందడి. హిమాలయాల్లోలా ఇక్కడ మంచు గోడలుండవు. ఉన్నదంతా ఒకే పెద్ద రాయి. ఎండాకాలం చెయ్యి పెడితే కాలుతుంది, వానాకాలం కాలు జారుతుంది. ఎక్కాలంటే చలికాలమే మేలు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది కూడా ఈ రాతి మీదే.

అయితే 300 ఏళ్ల కిందటే ఈ కోటపై కన్నేసిన మొనగాడు ఒకడున్నాడు. అతనే సర్దార్ సర్వాయి పాపన్న.

కల్లుగీత కుటుంబంలో పుట్టిన పాపన్న కులవృత్తిలో ఉండిపోలేదు. మనుషుల్ని కూడగట్టాడు. దారిన పోయే వర్తకుల్ని దోచాడు. షాపూర్‌లో సొంతంగా కోట కట్టాడు. ఔరంగజేబు చనిపోయాక మొఘల్ పాలన సడలింది. పాపన్నకు అదే అదను!

1708 మొహర్రం వేళ ఓరుగల్లుపై విరుచుకుపడ్డాడు. అతని మనుషులు తాళ్ల నిచ్చెనలతో గోడలెక్కి నగరాన్ని దోచుకున్నారు. బందీల్లో పెద్దింటి కుటుంబాలు కూడా ఉన్నాయి. రెండు నెలలకే, జూన్‌లో, భువనగిరిపై దాడి. ఈసారి మాత్రం అనుకున్నంత సాగలేదు. దొరికినవాళ్లను పట్టుకుని వెనుదిరిగాడు.

1709లో చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్ వచ్చాడు. పాపన్న దర్బారుకు వెళ్లి 14 లక్షల రూపాయలు కానుకగా ఇచ్చాడు. చక్రవర్తి అతన్ని గౌరవించాడు. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఒక గీత కార్మికుల ఇంటివాడికి అంత మర్యాదా అని పెద్దలు మండిపడ్డారు. తమవాళ్లు ఇంకా అతని చెరలోనే ఉన్నారని మొరపెట్టుకున్నారు. దాంతో సైన్యం కదిలింది.

అతని కోటను నెలల తరబడి ముట్టడించారు. లోపల మందుగుండు నిండుకుంది. నమ్ముకున్నవాళ్లూ జారుకున్నారు. పాపన్న మారువేషంలో తప్పించుకున్నా, ఓ కల్లు దుకాణంలో గుర్తుపట్టేశారు. 1710లో చంపేసి, తలను చక్రవర్తికి పంపారు.

మొఘల్ రాతల్లో అతనో దొంగ. ఊళ్లలో పాడుకునే కథల్లో మాత్రం బహుజనుల వీరుడు. ఏటా ఆగస్టు 18న ప్రభుత్వమే అతని జయంతి జరుపుతోంది. బందీల గోడు, అణగారినవాళ్ల ఆత్మగౌరవం.. రెండూ కలిస్తేనే పాపన్న కథ పూర్తవుతుంది.