సింహగిరి కృష్ణమాచార్యులు: మాటనే పూజగా చేసిన భక్తుడు

 

ఈ వారం వీడియోలో సింహాచలం స్వామి భక్తుడు శ్రీ కృష్ణమాచార్యుల గురించి చెప్పుకున్నాం. టైమ్ సరిపోక వదిలేసిన ఒక ముఖ్యమైన విషయం ఇక్కడ రాస్తున్నాను.

ఆయన కాకతీయ ప్రతాపరుద్రుని కాలం వారు. పుట్టుకతో చూపు లేదనీ, స్వామి దయతోనే వచ్చిందనీ పెద్దలు చెప్తారు. ఆయన సింహగిరి నరహరిని కొలిచింది పద్యాలతో కాదు, వచనాలతో. అంతకుముందు తెలుగులో వచనం లేదా అంటే, ఉంది. 11వ శతాబ్దంలో నన్నయ గారి భారతంలోనే పద్యాల మధ్య గద్యం ఉంది. కానీ పూర్తిగా వచనంలోనే రాసిన తొలి తెలుగు రచయితగా కృష్ణమాచార్యుల్నే చెప్తారు.

మరి పద్యానికీ వచనానికీ తేడా ఏంటి? మన పక్కనే ఉన్న ధర్మపురి శేషప్ప కవి గారి నరసింహ శతకం తీసుకోండి. అవి సీస పద్యాలు. ఒక్కో పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, యతి, కింద ఎత్తుగీతి. లెక్క తప్పితే పద్యం కాదు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి కదా, నాకు ఆ లెక్క చాలా ఇష్టం.

వచనానికి ఆ లెక్క లేదు. అట్లని ఊరికే మాట్లాడినట్టు కూడా ఉండదు. వాక్యాలు ఒకే తూగులో నడుస్తాయి, మాటిమాటికీ స్వామిని పిలిచే పిలుపు వస్తుంది. తాళ్లపాక వారి సంకీర్తన లక్షణంలో ఇటువంటి వాటిని తాళగంధి చూర్ణిక అన్నారు. అంటే తాళం వాసన తగిలే వచనం అన్నమాట.

మా నిజామాబాద్ జిల్లాలో భీంగల్ దగ్గర లింబాద్రి గుట్ట ఉంది. కార్తీక జాతరకు వచ్చేవాళ్లలో ఒక్క శ్లోకం కూడా రానివాళ్లు ఎంతోమంది. పంట గురించి, బిడ్డ పెళ్లి గురించి స్వామికి సొంత మాటల్లోనే చెప్పుకుంటారు. మా నానమ్మ కూడా అంతే. తనకు పద్యాలు రావని చిన్నబుచ్చుకునేది. భక్తి ముందు కులం కూడా పెద్దది కాదని చెప్పిన కృష్ణమాచార్యులు, ఛందస్సు రాకపోయినా స్వామి వింటాడని తన వచనాలతోనే చూపించారు.

అయితే ఇందులో ఒక నష్టం ఉంది. ఆయన నాలుగు లక్షల వచనాలు చెప్పారని ప్రతీతి. మనకు దొరికినవి చాలా కొద్ది. శేషప్ప గారి పద్యాలేమో ఇప్పటికీ నోటికి వచ్చినవాళ్లు ఉన్నారు. మా బోధన్ వైపు వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. చెరుకు రసం అప్పటికప్పుడు తాగాలి, అచ్చుపోసిన బెల్లం ఏడాది ఉంటుంది. తీపి రెండింట్లో ఒకటే. గణాలు, యతి, ప్రాస పద్యాన్ని నోట్లో నిలబెట్టే అచ్చు. వచనానికి ఆ అచ్చు లేదు, ఎవరో ఒకరు రాసి పెడితేనే మిగులుతుంది.

అందుకే ఒక చిన్న విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్లు దేవుడి ముందు నిలబడి ఏం మాట్లాడుకుంటారో, వాళ్లు ఒప్పుకుంటే, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మా నానమ్మ మాటలు ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా గుర్తు లేవు.

శ్రీ లక్ష్మీనరసింహార్పణమస్తు.