రెండు నోబెల్‌ల పౌలింగ్.. విటమిన్ సి సెలైన్ బిల్లు మాత్రం రోగిదే

ఎవరితోనూ పంచుకోకుండా రెండు నోబెల్ బహుమతులు అందుకున్న ఒకే ఒక్క మనిషి లైనస్ పౌలింగ్. 1954లో రసాయన శాస్త్రానికి, 1962 సంవత్సరానికి శాంతికి. అంత పెద్దాయన చివరి పాతికేళ్లు మాత్రం ఒక్క విటమిన్ చుట్టూనే తిరిగాయి. ఇవాళ క్యాన్సర్ రోగులకు నరంలోంచి విటమిన్ సి ఎక్కించే వైద్యానికి ఎక్కువ పేరు తెచ్చింది ఆయనే.

పౌలింగ్ 1901 ఫిబ్రవరి 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. తండ్రిది మందుల షాపు. పౌలింగ్‌కు తొమ్మిదేళ్లప్పుడే ఆయన చనిపోయారు. ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి ఇంట్లో గదులు అద్దెకిచ్చి ముగ్గురు పిల్లల్ని పెంచింది. దొరికిన పనల్లా చేస్తూ చదువుకున్న ఆ కుర్రాడే పరమాణువులు ఎలా బంధం కట్టుకుంటాయో ప్రపంచానికి చెప్పారు. సికిల్ సెల్ జబ్బుకు మూలం హిమోగ్లోబిన్‌లోని తేడా అని 1949లో తన బృందంతో కలిసి చూపించారు. అణు పరీక్షలు ఆపాలంటూ వేలమంది శాస్త్రవేత్తల సంతకాలు సేకరించి 1958లో ఐక్యరాజ్య సమితికి ఇచ్చారు.

1966లో ఇర్విన్ స్టోన్ అనే బయోకెమిస్ట్ రాసిన ఉత్తరం ఆయన దారి మార్చేసింది. మనిషికి రోజుకు కావాల్సిన విటమిన్ సి 100 మిల్లీగ్రాముల లోపే. ఒక్క జామకాయ తింటే సరిపోతుంది. పౌలింగ్ మాత్రం గ్రాములకు గ్రాములు వేసుకోవడం మొదలుపెట్టారు. జలుబుకు విటమిన్ సి వాడమంటూ 1970లో పుస్తకం రాస్తే విపరీతంగా అమ్ముడుపోయింది.

తర్వాత స్కాట్లాండ్ డాక్టర్ ఇవాన్ కామెరాన్‌తో కలిశారు. కామెరాన్ క్యాన్సర్ రోగులకు రోజుకు 10 గ్రాముల దాకా ముందు నరంలోంచి, తర్వాత నోటి ద్వారా ఇచ్చేవారు. అలాంటి 100 మంది మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారని 1976లో ఇద్దరూ ప్రకటించారు. చిక్కు ఎక్కడంటే, పోల్చింది పాత రికార్డుల్లోని రోగులతో. మేయో క్లినిక్ పద్ధతి ప్రకారం పరీక్షించి 1979లో, 1985లో లాభం లేదని తేల్చింది. వాళ్లు నోటి ద్వారానే ఇచ్చారు. నరంలోంచి ఇస్తే రక్తంలో విటమిన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని తర్వాత తెలిసింది. అయినా దాంతో క్యాన్సర్ నయమవుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు.

విటమిన్ సి వాడుతూనే ఆయన భార్య ఏవా హెలెన్ 1981లో కడుపు క్యాన్సర్‌తో చనిపోయారు. పౌలింగ్ 1994 ఆగస్టు 19న, 93 ఏళ్ల వయసులో ప్రోస్టేట్ క్యాన్సర్‌తోనే కన్నుమూశారు.

ఆయన పేరు మీద నమ్మకం మాత్రం పోలేదు. విటమిన్ సి చవకే. కానీ సీసా, సూది, నర్సు, బెడ్డు, డాక్టర్ ఫీజు అన్నీ కలిస్తే ఒక్కో సిట్టింగ్‌కు బిల్లు వేరే ఉంటుంది. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి అంటారు. రుజువు లేని ఇలాజ్‌కు అమెరికాలోనే ఇన్సూరెన్స్ మామూలుగా పైసా ఇవ్వదు. మొత్తం ఇంటివాళ్ల జేబులోంచే పోతుంది. పైగా జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు పెద్ద డోసుతో రక్తకణాలు పగిలిపోతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ ప్రమాదమే.

పౌలింగ్ గొప్పతనం ఆయన రుజువు చేసిన వాటిలో ఉంది. రుజువు కానిదాని కోసం నగలు కుదువబెట్టే ముందు, చూస్తున్న క్యాన్సర్ డాక్టర్‌ను ఒక్కమాట అడగడం మంచిది.