కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

గుంటూరు, ప్రకాశము జిల్లాలలోని నల్లరేగడి నేలలు పత్తికిని, మిరపకును పేరుగన్నవి. ఆ నేలలను దున్నుటకు బలమైన ఎడ్లు కావలెను. పండిన పంటను ఇల్లు చేర్చుటకు బలమైన మనుష్యులు కావలెను. అందువలన ఆ ప్రాంతమువారికి బలమనిన మిక్కిలి మక్కువ. సంక్రాంతి పండుగకును, తిరునాళ్లకును ఒంగోలు జాతి ఎడ్లచే పెద్ద బండలు లాగించి పందెములు వేయుదురు. గుంటూరు మిరపకాయల మార్కెట్టులో హమాలీలు సుమారు 40 కిలోల టిక్కీలను వీపున వేసికొని చకచక నడచిపోవుచుందురు. ఇట్టి బలమును చూచినపుడు పెద్దల నోట ఒక పేరు వినవచ్చుట కలదు. తన శక్తికి మించిన బరువు నెత్తబోయి తడబడిన బాలుని సైతము ఆ పేరుతోనే మేలమాడుదురు. అది కోడి రామమూర్తి పేరు. ఆయన పుట్టినది ఆ సీమలో కాదు. అయినను ఆయన బలము తెలుగువారి అందరి సొత్తు అయినది.

రామమూర్తి నాయుడు 1880 తరువాతి తొలి సంవత్సరములలో వీరఘట్టమను గ్రామమున జన్మించెను. అది ఉత్తరాంధ్రమున చాలకాలము శ్రీకాకుళము జిల్లాలో చేరియుండి, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. రామమూర్తికి ఊహ తెలియుచున్న నాటికే తల్లి గతించెను. తల్లి లేని పిల్లవాడు చదువుపై శ్రద్ధ నిలుపలేక తోటలవెంట, ఏటిగట్టులవెంట తిరుగుచుండెను. కొడుకు దారి తప్పునేమో యని వెంకన్న నాయుడు దిగులుపడి, విజయనగరమున నున్న తన సోదరుడు నారాయణస్వామి నాయుని వద్దకు అతనిని పంపెను.

విజయనగరము ఆ కాలమున సంగీత సాహిత్యములకే గాక సాముగరిడీలకును నిలయము. రామమూర్తికి పుస్తకముకంటె తాలింఖానా ఎక్కువ ప్రియమయ్యెను. పినతండ్రి ఆ ఆసక్తిని అణచివేయలేదు. అతనిని వ్యాయామశాలలో చేర్చెను. అచ్చట బాలుడు తెల్లవారక మునుపే లేచి మట్టిలో కుస్తీ పట్టుచు, దండీలు, బస్కీలు తీయుచు, క్రమక్రమముగ బరువు లెత్త నేర్చెను. తోడి బాలురు కొందరు పది దినములు ఉత్సాహముతో వచ్చి, ఒళ్లు నొప్పులు పుట్టగనే మానివేయుచుండిరి. రామమూర్తి మానలేదు. నేడు చేసిన దానికి రేపు కొంచెము చేర్చుటయే అతని నియమము. ఒక్క దినమున వచ్చిన బలము ఒక్క దినముననే పోవునని అతడు చిన్ననాడే గ్రహించెను.

కొంతకాలమునకు ఆయన చెన్నపట్టణమునకు సమీపమందలి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొందెను. పిదప విజయనగరమునకు తిరిగివచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా చేరెను. ఉపాధ్యాయ వృత్తి ఆయనకు ఒక మేలు చేసినది. తాను చేయగల పనిని ఇతరులచే చేయించవలెనన్నచో అది ఎట్లు జరుగునో తెలిసియుండవలెను. ఏ కండరము ఎప్పుడు బిగియును, శ్వాస ఎప్పుడు పీల్చవలెను, ఎప్పుడు విడువవలెను అను విషయములను ఆయన పరిశీలనతో నేర్చెను. పిమ్మట మిత్రుడైన పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కసు సంఘమును స్థాపించి ఊరూర ప్రదర్శనలు ఇయ్యసాగెను.

ఆ ప్రదర్శనలలో రామమూర్తి శరీరమునకు ఇనుప గొలుసు బిగించి చుట్టెడివారు. ఆయన నిండుగ ఊపిరి పీల్చి రొమ్మును విప్పార్చగా గొలుసు తెగి పడెడిది. రెండు మోటారుకార్లకు గొలుసులు కట్టి వాని కొసలను ఆయనకు తగిలించెడివారు. కార్లు ఎదురెదురు దిక్కులకు లాగుచున్నను ముందుకు కదలజాలకుండెడివి. అన్నిటికంటె ప్రేక్షకులను ఊపిరి బిగబట్టించినది ఏనుగు ఘట్టము. ఆయన వెల్లకిల పరుండగా రొమ్ముపై బల్ల అమర్చి దానిమీద ఏనుగును నిలిపెడివారు. కొన్ని క్షణములు గుడారమంతయు నిశ్శబ్దమయ్యెడిది. ఏనుగు దిగిపోయిన పిదప ఆయన నవ్వుచు లేచి నిలువగా కరతాళధ్వనులు మిన్నుముట్టెడివి.

ఇది మంత్రమును కాదు, మాయయును కాదు. మన రొమ్ములో పక్కటెముకలు వంతెన కమానువలె వంగియున్నవి. నిండుగ గాలి పీల్చి కండరములను బిగించినచో ఆ కమాను మరింత గట్టిపడును. వెడల్పైన బల్లవలన బరువు ఒకేచోట పడక విస్తరించును. ఇట్టి ప్రదర్శనలలో బల్ల కొసలు నేలకు ఆనియుండుట వలన బరువులో కొంత నేలయే మోయును. అయినను రెండు మూడు టన్నుల మృగము పైన నిలిచియుండగా బెదరక, శ్వాస తప్పక, ఏ కండరమును సడలనీయక ఉండుట సామాన్యుని తరము కాదు. ఏండ్ల తరబడి అభ్యాసము చేసిన దేహమును, చలింపని మనస్సును ఒకచోట కూడినపుడే అది సాధ్యము. ఒక్క క్షణము ఏమరినను ప్రాణమునకే ముప్పు. కావున ఇట్టి సాహసములు చూచి మెచ్చదగినవే గాని అనుకరింపదగినవి కావు.

ఆ దినములలో ఈ ప్రదర్శనలకు వినోదమును మించిన ప్రయోజనము ఒకటి కలదు. దేశము పరుల పాలనలో నుండెను. భారతీయులు దుర్బలులనియు, పిరికివారనియు పాలకులలో పలువురు తలచెడివారు. అది వినివిని మన యువకులలోను కొందరు అట్లే నమ్మసాగిరి. ఐరోపాకు చెందిన ప్రసిద్ధ బలశాలి యూజెన్ శాండో 1904, 1905 సంవత్సరములలో మన దేశమున సంచరించి తన కండబలమును చూపగా జనము విరగబడి చూచిరి. బలమనగా పాశ్చాత్యులదే అను భావము అప్పుడు మరింత వ్యాపించెను. అట్టి సమయమున ఒక తెలుగు గ్రామమున పుట్టిన వ్యాయామోపాధ్యాయుడు గొలుసులు తెంచి, కార్లను నిలిపి, ఏనుగును రొమ్మున మోసెను. చూచినవారు కేవలము ఆశ్చర్యముతో గాక, వంచిన తల ఎత్తుకొని ఇండ్లకు మరలిరి. ఆంధ్రమున మాత్రమే గాక వంగ, మహారాష్ట్ర దేశములలో సైతము యువకులు వ్యాయామమునకు ఉత్సాహపడిరి. లోకమాన్య తిలకు ఆయనను మెచ్చి ప్రోత్సహించెనని ప్రసిద్ధి. ప్రజలు ఆయనను కలియుగ భీముడనియు, ఇండియన్ హెర్క్యులిస్ అనియు కీర్తించిరి.

ఇంతటి బలము ఏ సాధనములవలన కలిగెనని విచారించినచో ఆశ్చర్యము కలుగును. రామమూర్తి పాశ్చాత్య పద్ధతులను ఎరుగనివాడు కాడు. అయినను ఆయన ముఖ్యముగా నమ్ముకొన్నవి దండీలు, బస్కీలు, ప్రాణాయామము. వీనికి ఖరీదైన పరికరము లేవియు అక్కరలేదు. శరీరము చాచునంత చోటు చాలును.

దండీ తీయుటకు అరచేతులను భుజముల వెడల్పున నేల కానించి, కాళ్లను వెనుకకు చాపవలెను. మోచేతులు వంచుచు రొమ్మును నేల సమీపమునకు దింపి, మరల చేతుల బలముతో పైకి లేపవలెను. దీనివలన రొమ్ము, భుజములు, చేతులు బలపడును. నడుము వ్రేలాడకుండ నిలుపుటచే పొట్ట కండరములకును పని కలుగును. బస్కీలో నిటారుగ నిలిచి, మోకాళ్లు వంచి క్రిందికి కూర్చుండి మరల లేవవలెను. దేహమున మిక్కిలి పెద్ద కండరములు తొడలలోను, పిరుదులలోను ఉన్నవి. అవి పనిచేసినపుడు గుండె వేగముగ కొట్టుకొనును, ఊపిరితిత్తులు నిండుగ విప్పారును. ప్రాణాయామము శ్వాసను వశపరచి మనస్సును ఒక్కచోట నిలుపును. వ్యాయామము చేయునపుడు మనస్సు సైతము ఆ కండరముననే ఉండవలెనని రామమూర్తి విశ్వాసము. మనస్సు ఎక్కడనో తిరుగుచుండగా లెక్కకొరకు నూరు దండీలు తీయుటకంటె శ్రద్ధతో పది తీయుట మేలు.

బలమునకు మాంసాహారము తప్పనిసరి యని చాలమంది నమ్మిన ఆ కాలమున రామమూర్తి శాకాహారియై జీవించెను. ఆయన ఆంజనేయుని భక్తుడు. మత్తుపదార్థములను దరిచేరనీయక, నియమము తప్పక మెలగెడివాడు. గుడారమున ఏనుగును మోసిన ఆ కొన్ని క్షణములను జనము చూచిరి. వాని వెనుక నున్న వేలకొలది వేకువజాములను ఎవరును చూడలేదు.

రామమూర్తి కీర్తి దేశపు ఎల్లలు దాటెను. ఆయన సముద్రములు దాటి ఇంగ్లాండు మున్నగు దేశములలో సైతము తన బలమును చూపెను. లక్షల కొలది ధనము చేతికి వచ్చెను. అయితే దానిని కూడబెట్టు బుద్ధి ఆయనకు లేదు. అడిగినవారికి లేదనక ఇచ్చెను. దేశసేవకును, ధర్మకార్యములకును విరివిగ వెచ్చించెను. సంపాదించిన ధనము వచ్చిన దారినే పోయెను.

కాలము అందరికిని పరీక్ష పెట్టును. ఉత్తర వయస్సున రామమూర్తి కాలికి పుండు లేచి ముదిరెను. ప్రాణము దక్కవలెనన్నచో కాలు తీసివేయక తప్పదని వైద్యులు తేల్చిరి. మత్తుమందు పుచ్చుకొనక, ప్రాణాయామముతో బాధను నిగ్రహించుకొని ఆ శస్త్రచికిత్సను సహించెనని ఆయన జీవితమును చెప్పువారు చెప్పుదురు. పరుగిడు కార్లను నిలిపిన కాళ్లలో ఒకటి పోయెను. గుడారములు, చప్పట్లు, ధనము అన్నియు దూరమయ్యెను. చివరి దినములను ఆయన ఒరిస్సాలోని బలాంగీరు ప్రాంతమున గడపి, 1942 జనవరిలో అచ్చటనే కన్నుమూసెను. ఏనుగును మోసినవాడైనను ముసలితనమును, వ్యాధిని తప్పించుకొనలేదు. కాని సిరిసంపదలు తరలిపోయినను, అవయవము లోపించినను ధైర్యము సడలకుండుటయే ఆయన తుదివరకు నిలుపుకొన్న బలము.

ఆయన జీవితము నేటి బాలబాలికలకు ఏమి నేర్పుచున్నది? పొలములలో పనిచేయు ఇండ్లవారికి వేరుగా వ్యాయామమేల యని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. పల్నాటి చేలలో పత్తి తీయువారు, మిరపకాయలు కోయువారు ప్రొద్దస్తమానము శ్రమింతురు. కాని వారు గంటల తరబడి నడుము వంచియే ఉందురు. కొన్ని కండరములు అలసి సొలయును, కొన్నిటికి పనియే ఉండదు. సాయంకాలమునకు నడుమునొప్పి తోడగును. టిక్కీలు మోయు హమాలీకి బలమున్నను బరువంతయు ఒక్క వీపుపైననే పడును. పని శరీరమును వాడుకొనును. వ్యాయామము శరీరమును దిద్దితీర్చును. అన్ని అవయవములను సమముగ బలపరచిన దేహమే పొలము పనిని గాయపడక చేయగలదు. ఇక బల్లముందు కూర్చుండి చదువు విద్యార్థికి వ్యాయామావసరము వేరుగ చెప్పవలెనా?

ఐదు మొదలు పదునేడేండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు ఆటలలోనో, నడకలోనో, పరుగులోనో శరీరమును బాగుగ కదల్పవలెననియు, వారమున కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఇందుకు వ్యాయామశాల లేకున్నను కొరత లేదు. ఇంటి ముంగిటనో, మిరప ఎత్తివేసిన కళ్లములోనో చోటు దొరకును. ఆ సీమలో వేసవి ఎండలు తీవ్రములు కావున వేకువనే చేయుట మంచిది. మొదట నెమ్మదిగ నడచి, చేతులు కాళ్లు ఆడించి దేహమును వేడెక్కనీయవలెను. దండీ కష్టమైనచో మొదట గోడకు చేతులానించియో, మోకాళ్లు నేల కానించియో తీయవచ్చును. ఐదుతో మొదలిడి, తేలికయైన పిదపనే ఒకటి రెండు చేర్చవలెను. నొప్పి పుట్టినచో ఆపి పెద్దలకు చెప్పవలెను. బరువులెత్తు పని తెలిసినవారి యెదుట తప్ప తలపెట్టరాదు.

వ్యాయామమున అలసిన కండరము విశ్రాంతిలోనే మరమ్మతు పొంది బలపడును. కావున రాత్రి కంటినిండ నిద్ర కావలెను. జొన్నరొట్టె, పప్పు, శనగలు, వేరుశనగలు, ఆకుకూరలు, పాలు, మజ్జిగ మన ఇండ్లలో దొరకునవే. ఇవియే కండను పెంచు ఆహారము.

శ్రీకాకుళమున ఒక క్రీడామైదానము రామమూర్తి పేరుతో వెలసినది. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. తల్లి లేని పిల్లవాడు, చదువున వెనుకబడినవాడు, దారి తప్పునేమో యని తండ్రి దిగులుపడినవాడు నిత్యాభ్యాసము ఒక్కదానివలన ఇంతవాడయ్యెను. అందరును ఏనుగును మోయనక్కరలేదు. తన దేహమును తాను తేలికగ మోసికొనుచు, అవసరము కలిగినపుడు తోడివాని బరువును పంచుకొనగల శక్తిని ప్రతి బాలుడును, ప్రతి బాలికయు సంపాదింపవచ్చును. దానికి కావలసినది నేల, గాలి, నియమము. మొదటి రెండింటిని ప్రకృతి ఇచ్చినది. మూడవదానిని ఎవరికి వారే సమకూర్చుకొనవలెను.