శామ్యూల్ లింకన్

శామ్యూల్ లింకన్ (బాప్టిజం: ఆగష్టు 24, 1622 - మరణం: మే 26, 1690) ఇంగ్లాండు నుండి అమెరికాకు వలస వెళ్ళిన నేతపనివాడు. అమెరికా 16వ అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వంశానికి ఆ దేశంలో మూలపురుషుడు ఈయనే. అయితే ఈ సంబంధం అబ్రహాం లింకన్ జీవితకాలంలో రుజువు కాలేదు.

జీవితం

శామ్యూల్ ఇంగ్లాండులోని నార్ఫోక్ ప్రాంతానికి చెందిన హింగ్‌హాంలో ఎడ్వర్డ్ లింకన్‌కు జన్మించాడు. తాత రిచర్డ్ ఆస్తిపరుడే గాని, ఆస్తిలో అధికభాగం చివరి భార్య సంతానానికి దక్కడంతో ఎడ్వర్డ్ కుటుంబం సామాన్యస్థితిలో ఉండిపోయింది. శామ్యూల్ నార్విచ్ నగరంలో ఫ్రాన్సిస్ లాస్ అనే నేతగాని వద్ద పనికి కుదిరి, 1637లో ఆ యజమాని కుటుంబంతో పాటు జాన్ అండ్ డొరొతి అనే ఓడలో మసాచుసెట్స్‌కు వెళ్ళాడు. ప్రయాణీకుల పట్టికలో ఇతని వయసు 18 అని ఉన్నది. శైశవంలోనే బాప్టిజం జరిగి ఉంటే అప్పటికి 15 ఏళ్ళు దాటవు. వయసు పెంచి చెప్పాడేమో!

కొంతకాలం సేలంలో ఉండి, అన్న థామస్ స్థిరపడిన మరో ఊరికి చేరాడు. ఇంగ్లాండు హింగ్‌హాం నుండి వచ్చినవారు తమ ఊరి పేరే దానికీ పెట్టుకున్నారు. మార్తా అనే ఆమెను వివాహమాడి, 11 మంది సంతానాన్ని పొంది, అక్కడే మరణించాడు.

వంశం, వలసలు

శామ్యూల్ కుమారుడు మొర్దెకై మసాచుసెట్స్‌లోనే కమ్మరిగా స్థిరపడ్డాడు. అతని కుమారుడు, రెండవ మొర్దెకై, న్యూజెర్సీకి, అక్కడి నుండి పెన్సిల్వేనియాకు వెళ్ళి ఇనుము వ్యాపారం చేశాడు. ఇతని కుమారుడు జాన్ 1768 ప్రాంతంలో వర్జీనియా చేరాడు. జాన్ కుమారుడు అబ్రహాం కెంటకీకి తరలి, 1786లో స్థానిక తెగలవారి దాడిలో మరణించాడు. అప్పుడు అతని చిన్నకొడుకు థామస్ వయసు 8 ఏళ్ళు. ఆ థామస్ కుమారుడే, 1809లో జన్మించిన అధ్యక్షుడు లింకన్.

తండ్రి అంత చిన్నతనంలో అనాథ కావడం వల్ల కుటుంబ చరిత్ర లింకన్‌కు సరిగా అందలేదు. 1848లో మసాచుసెట్స్ హింగ్‌హాంకు చెందిన సాల్మన్ లింకన్ విచారించగా, తాత వర్జీనియా నుండి వచ్చాడనీ, పూర్వులు పెన్సిల్వేనియావారనీ మాత్రమే తెలుపగలిగాడు. 1859లో వ్రాసిన స్వీయపరిచయంలో కూడా మసాచుసెట్స్ లింకన్‌లతో తమకు పేర్ల పోలిక తప్ప వేరే ఆధారం లేదన్నాడు. మన ఇళ్ళలో తాత పేరు మనుమడికి పెట్టినట్లే ఆ వంశంలోనూ మొర్దెకై, అబ్రహాం అనే పేర్లు మళ్ళీమళ్ళీ వచ్చాయి. లింకన్ స్వల్పంగా ఎంచిన ఆ పోలిక సరైన దారినే చూపింది. ఆయన మరణానంతరం పరిశోధకులు వీలునామాలు, భూమి దస్తావేజులు పరిశీలించి తరాలను శామ్యూల్ వరకు కలిపారు.

ఇంగ్లాండులోని హింగ్‌హాం చర్చిలో 1919లో అబ్రహాం లింకన్ అర్ధవిగ్రహాన్ని ప్రతిష్ఠించారు.