సైమన్‌టన్ దొరగారు భాష నేర్చిన విధము

ఈ నెల బ్రెజిల్ దేశములో సేవచేసిన యాష్‌బెల్ గ్రీన్ సైమన్‌టన్ దొరగారిని గూర్చి వ్రాయుచున్నాము. ఆయన 1833లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టెను. ప్రిన్స్‌టన్ సెమినరీలో చదువుచుండగా 1855లో చార్లెస్ హాడ్జ్ గారి ప్రసంగము విని, పరదేశ సేవను గూర్చి ఆలోచింపసాగెను. 1859 ఆగస్టు 12న రియో డి జనీరో రేవున దిగునప్పటికి ఆయనకు 26 యేండ్లు.

అక్కడి ప్రజల భాష పోర్చుగీసు. సెమినరీలో నేర్చిన హెబ్రీ, గ్రీకు ఆ వీధులలో అక్కరకు రావు. మోషే తన నాలుకను గూర్చి దేవునితో చెప్పుకొనిన కష్టము మనమెరిగినదే. భాష బాగుగా వచ్చువరకు ఊరకుందమని దొరగారు తలంచలేదు. దిగిన ఎనిమిది నెలలకు, 1860 ఏప్రిల్ 22న, తన యింటనే ఆదివారపు బడి తెరచెను. పోర్చుగీసులో ఆయన చేసిన మొదటి పని అదియే. వచ్చినవారు కొద్దిమంది పిల్లలు. పాఠపుస్తకములు బైబిలు, ప్రశ్నోత్తరి, మన యిండ్లలోను చదువుకొను యాత్రికుని ప్రయాణము. మాట తప్పిన యెడల పిల్లలు నవ్వి మరచిపోవుదురు, పెద్దలు మరువరు. కనుక ఇది మంచి ఆరంభమని మాకు తోచుచున్నది.

1862 జనవరి 12న రియోలో సంఘము ఏర్పడినప్పుడు చేర్చుకొనబడినవారు ఇద్దరే. 1863లో ఆయన హెలెన్ మర్డాక్ గారిని వివాహమాడెను. మరుసటి జూన్ నెలలో ఆమె ఆడబిడ్డను కని, తొమ్మిది దినములకే ప్రభువునందు నిద్రించెను. పసిబిడ్డతో మిగిలిన ఆయన, ఆ యేడే నవంబరులో ఇంప్రెన్సా ఎవాంజెలికా అను పోర్చుగీసు పత్రికను ప్రారంభించెను. పిల్లల యెదుట మొదట పలికిన ఆ భాషలోనే ఇప్పుడు ఊరూరి చదువరులకు సువార్త పంపెను.

1867 డిసెంబరు 9న, 34 యేండ్ల ప్రాయమున, సావో పౌలోలో జ్వరముతో మరణించెను. పత్రిక 1892 వరకు వెలువడుచునే యుండెను.